లోపం తేల్చేవారే బిల్లు వేస్తే ఎలా? ట్రాయ్‌కు ఒక బహిరంగ లేఖ

భారత టెలికాం నియంత్రణ ప్రాధికార సంస్థ (ట్రాయ్) అధ్యక్షులకు, హైదరాబాద్ ప్రాంతీయ కార్యాలయ అధికారులకు నమస్కారాలు.

నేను టెలిఫోన్ శాఖలో లైన్ల మరమ్మతు విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. ప్రస్తుతం హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్ నివాసుల సంఘంలో సభ్యుడిని. పాత ఉద్యోగం సంగతి తెలిసినందువల్ల, ఎవరింట్లో ఇంటర్నెట్ ఆగినా ముందు మా తలుపే తడతారు. అలా వచ్చే ప్రతి కుటుంబమూ అడిగే ప్రశ్నలు రెండే. ఎప్పటికి బాగవుతుంది? డబ్బు ఎవరివ్వాలి? మొదటిదానికి మీ నిబంధనల్లో గడువుల రూపంలో జవాబు ఉంది. రెండోదానికి జవాబు మాత్రం ఇంటికొచ్చిన టెక్నీషియన్ నోటిమాట మీద ఆధారపడి ఉంది. ఈ లేఖ ఆ రెండో ప్రశ్న గురించి.

మీరు చేసినదాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 2006 నాటి బ్రాడ్‌బ్యాండ్ సేవా నాణ్యత నిబంధనల్లోనే నూటికి తొంభైకి పైగా లోపాలను మరుసటి పనిదినానికల్లా సరిచేయాలని, మూడు పనిదినాలు దాటితే వారం ఇంటర్నెట్ అద్దె, ఏడు దాటితే పదిహేను రోజుల అద్దె, పదిహేను దాటితే నెల అద్దె తగ్గించాలని స్పష్టంగా రాశారు. వేర్వేరుగా ఉన్న పాత నిబంధనలను ఒకటిగా చేర్చి 2024 ఆగస్టులో ప్రకటించి, అక్టోబరు 1 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త నిబంధనల్లో మరో మంచి మాట చేర్చారు. కంపెనీ నెట్‌వర్క్‌లోని లోపం మూడు రోజులు దాటినా సరికాకపోతే పోస్ట్‌పెయిడ్ వారికే కాదు, ముందుగా డబ్బు కట్టే ప్రీపెయిడ్ వారికి కూడా పరిహారం ఇవ్వాలన్నారు. మన ఊళ్ళలో ఇంటి ఇంటర్నెట్ దాదాపుగా ముందు డబ్బు కట్టి తీసుకునేదే కనుక ఇది చిన్న మార్పేమీ కాదు.

అయితే ఈ నిబంధనలన్నీ లోపం కంపెనీదేనని తేలిన చోట నుంచి మొదలవుతాయి. తేల్చేది ఎవరు, ఎలా, ఏ ఆధారంతో అన్నది ఇంటివారి చేతికి వచ్చే ఏ కాగితంలోనూ కనబడదు. టెక్నీషియన్ వస్తాడు, రూటర్ వైపు చూస్తాడు, వైరు కదిపి చూస్తాడు, ఫోనులో ఎవరితోనో రెండు ముక్కలు మాట్లాడి "ఇది మీ వైపు ప్రాబ్లం అండీ" అంటాడు. ఆ ఒక్క మాటతో మూడు పనులు జరిగిపోతాయి. ఫిర్యాదు కంపెనీ లెక్కలోంచి తొలగిపోతుంది, పరిహారానికి నడవాల్సిన గడియారం ఆగిపోతుంది, ఇంటివారి పేర విజిట్ ఛార్జో, కేబుల్ ఛార్జో, కొత్త పెట్టె ఖరీదో పడుతుంది. తీర్పు చెప్పినవారికే ఆ తీర్పువల్ల రాబడి ఉన్నప్పుడు దాన్ని నమ్మమనడం న్యాయం కాదు.

రాగితీగ టెలిఫోన్ల కాలంలో ఈ చిక్కు ఇంతగా లేదు. చందాదారు 198కి ఫోను చేస్తే, లైన్‌మన్ సైకిలెక్కే ముందే ఎక్స్ఛేంజీలోని టెస్ట్ డెస్క్‌లో ఆ లైనును పరీక్షించేవారు. తీగ తెగిందా, రెండు తీగలు కలిసిపోయాయా, తడి చేరిందా అన్నది మీటరు చెప్పేది. పరీక్షించేవారు ఒకరు, సరిచేసేవారు మరొకరు, బిల్లు వేసే విభాగం మూడోది. ఆ రోజుల్లో ఆలస్యాలు ఎలా ఉండేవో నాకు బాగా తెలుసు, ఆ కాలమే గొప్పదని వాదించను. కాని లోపం ఎక్కడుందన్నది మాత్రం కొలిచి చెప్పేవారు.

ఈనాటి ఫైబరు లైనులో కొలవడం ఇంకా సులువు. వీధిలోని ఇళ్ళన్నిటికీ వేర్వేరుగా ఫైబరు రాదు. కంపెనీ గదిలో ఉండే ఓఎల్‌టీ అనే యంత్రం నుంచి ఒక్క పోగు బయలుదేరి, స్తంభం మీదనో గోడకో బిగించిన పెట్టెలోని స్ప్లిటర్ దగ్గర 8గానో, 16గానో, 32గానో చీలుతుంది. అక్కడ నుంచి ఒక సన్నటి నల్ల కేబుల్ మన బాల్కనీ మీదుగానో కిటికీ సందులోంచో ఇంట్లోకి వచ్చి, అందరూ రూటర్ అని పిలిచే ఓఎన్‌టీకి చేరుతుంది. ఆ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అన్న ఎర్ర దీపం మిణుకుమిణుకుమంటోందంటే కాంతి ఇంటిదాకా రావడం లేదని అర్థం. పక్కింట్లోనూ, కిందింట్లోనూ అదే ఎర్ర దీపం వెలుగుతుంటే తెగింది స్ప్లిటర్‌కు అవతల, కంపెనీ గది వైపు. ఒక్క ఇంట్లోనే వెలుగుతుంటే స్తంభం నుంచి ఇంటికొచ్చే కేబుల్‌లోనో, గోడ దగ్గరి కనెక్టరులోనో ఉంది లోపం. ఇంతవరకు చదువుకునే పిల్లలు కూడా చెప్పగలరు.

తెగేందుకు కారణాలకు మన దగ్గర కొదవ లేదు. సంక్రాంతికి మాంజా, వినాయక చవితికి పందిళ్ళూ ఊరేగింపులూ, వానాకాలానికి ముందు తీగలకు అడ్డొస్తున్నాయని నరికే కొమ్మలు, ఎత్తుగా గడ్డి కట్టుకొచ్చే లారీలు, బోరు బండ్లు, కోతులు, ఉడతలు, ఎలుకలు. ఇవేవీ ఇంటివారు చేసినవి కావు. అయినా కేబుల్ తెగిన ప్రతిసారీ మీటరుకు ఇంత అని కొత్త కేబుల్ ఖర్చు, అతుకుకు ఇంత అని స్ప్లైసింగ్ ఛార్జీ అడగడం మామూలైపోయింది. కనెక్షన్ ఇచ్చేటప్పుడు "ఇన్‌స్టలేషన్ ఉచితం" అన్న కేబుల్, తెగగానే వినియోగదారుడి సొంత ఆస్తిగా మారిపోవడం వింత.

తెగకుండా కాంతి బలహీనపడితే వచ్చే చిక్కు ఇంకా ఎక్కువ. ఇంటికి చేరే కాంతి బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. మైనస్ పక్కన అంకె పెద్దదయ్యేకొద్దీ కాంతి తగ్గినట్టు. ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉన్న జీపాన్ అనే ఫైబరు పద్ధతిలో సాధారణ ఓఎన్‌టీ మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం వరకు పనిచేస్తుంది. 3 డీబీ తగ్గిందంటే కాంతి సగమైపోయినట్టు. కేబుల్‌ను తలుపు సందులో మడతపెట్టి మేకు కొట్టినా, కనెక్టరు కొన మీద దుమ్ము చేరినా, కొన ఏటవాలుగా ఉండే ఆకుపచ్చ కనెక్టరును కొన చదునుగా ఉండే నీలం కనెక్టరుతో కలిపినా ఈ కాంతి బలం పడిపోతుంది. మైనస్ 27 దగ్గర తూగే లైను పొద్దున బాగుంటుంది, ఎండకో వానకో ఆగుతుంది, టెక్నీషియన్ వచ్చేసరికి మళ్ళీ పచ్చదీపం చూపిస్తుంది. ఆయన "అంతా బాగానే ఉంది, మీ వైఫై వీక్" అని రాసి వెళ్ళిపోతాడు. జేబులో కాంతిని కొలిచే పవర్ మీటరు ఉన్నా బయటికి తీయడు, తీసినా అంకె చెప్పడు. ఆ మీటరు చూపే ఒక్క సంఖ్య కాగితం మీద పడితే తగవు సగం తీరిపోతుంది.

పైగా చాలా సందర్భాల్లో ఇంటికి రాకముందే కంపెనీకి ఈ సంగతి తెలుస్తుంది. ఇంట్లో కరెంటు పోయినా అడాప్టరు తీసేసినా, ఓఎన్‌టీ ఆరిపోయే ముందు చివరి క్షణంలో ఓఎల్‌టీకి ఒక సంకేతం పంపగలదు. ఫైబరు తెగినప్పుడు ఆ సంకేతం రాదు, కాంతి పోయిందన్న హెచ్చరికే తెర మీద పడుతుంది. లైను నడుస్తున్నప్పుడైతే ఇంటి పెట్టెకు అందుతున్న కాంతి బలం, ఆ పెట్టె ఎన్ని మీటర్ల దూరంలో ఉన్నదీ కూడా అక్కడి తెర మీద చూడవచ్చు. అంటే లోపం కరెంటుదా, ఫైబరుదా అన్నది విడదీసే సమాచారం కంపెనీ దగ్గరే ఉంది. దాన్ని వినియోగదారుడికి చూపకుండా, పరీక్షకని మనిషిని పంపి, ఆ మనిషి రాకపోకల ఖర్చు వినియోగదారుడి మీదే వేయడం ఎందుకో మీరే కంపెనీలను అడగాలి.

ఇంటివైపు లోపాలు ఉండవని నేను అనను. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువగా చెడేది అడాప్టరు. 12 వోల్టులు ఇవ్వాల్సింది నీరసించిపోయి, దీపాలు వెలుగుతూనే పెట్టె మాటిమాటికీ ఆగి మొదలవుతుంటుంది. వాడకందారు రెండు వందల మెగాబిట్ల ప్లాన్ తీసుకుని, పెట్టెకున్న పాత పోర్టువల్లనో, ఎనిమిది తీగల్లో నాలుగే బిగించిన ల్యాన్ కేబుల్‌వల్లనో 94 మెగాబిట్ల దగ్గర ఆగిపోయి కంపెనీని తిట్టడం కూడా చూశాను. మూడు గోడల అవతలి పడకగదిలో ఫోను పట్టుకుని వేగం కొలిచి ఫిర్యాదు చేసేవారూ ఉన్నారు. వేగం మీద అనుమానం వస్తే ల్యాప్‌టాప్‌ను ల్యాన్ కేబుల్‌తో నేరుగా పెట్టెకు కలిపి కొలవాలని, అక్కడ సరిగా ఉండి వైఫైలో తగ్గితే ఆ బాధ్యత ఇంటిదేనని మా భవనంలో అందరికీ చెబుతుంటాను. ఇంకొకటి కూడా చెబుతాను. పెట్టె వెనుక సూదిరంధ్రంలో ఉండే రీసెట్ బటన్ జోలికి వెళ్ళవద్దని. స్విచ్ ఆపి వేయడం వేరు, రీసెట్ వేరు. అది నొక్కితే కంపెనీ అందులో పెట్టిన యూజర్ నేమూ పాస్‌వర్డూ ఇతర అమరికలూ చెరిగిపోవచ్చు, అప్పుడు విజిట్ ఛార్జీ అడిగితే కాదనడం కష్టం.

ఈ రెండు అంచుల మధ్య చాలా పెద్ద మసక ప్రాంతం ఉంది. అడాప్టరు కంపెనీ ఇచ్చినదే, కాని పాడైతే బజారులో కొనుక్కోమంటారు. పిడుగు పడి ఓఎన్‌టీ కాలిపోతుంది. ఫైబరు గాజుపోగు కనుక కరెంటు అందులోంచి రాలేదు, ఇంటి ప్లగ్గులోంచే వచ్చింది కాబట్టి మీరే కట్టాలంటారు. అదే పెట్టెను కనెక్షన్ మానేసేటప్పుడు మాత్రం "కంపెనీ ఆస్తి, తిరిగి ఇవ్వండి" అంటారు. ఆస్తి కంపెనీది, నష్టం ఇంటివారిది. అపార్ట్‌మెంట్లలోనైతే కింది నుంచి పై అంతస్తుల దాకా పైపులో వెళ్ళే కేబుల్ ఎవరిదో ఎవరికీ తెలియదు. సున్నాలు వేసేవాళ్ళు తెంపినా ఎలుక కొరికినా, కంపెనీ సంఘం వైపు చూపిస్తుంది, సంఘం ఇంటివారి వైపు చూపిస్తుంది. భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలను మీరు 2024 అక్టోబరులోనే తెచ్చారు. లోపలి కేబుల్ బాధ్యత ఎవరిదో నిర్ణయించి రాసుకున్నారా అన్న ప్రశ్న కూడా ఆ రేటింగ్‌లో అడగడం మీకు కష్టం కాదనుకుంటాను.

అసలు ఎవరి తప్పూ కాని సందర్భాలూ ఉంటాయి. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు సోకి ఐదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరువాత నగరంలో పలుచోట్ల విద్యుత్ స్తంభాల మీది కేబుళ్ళను కత్తిరించి తొలగించారు, వ్యవహారం హైకోర్టు దాకా వెళ్ళింది. మనుషుల ప్రాణాల ముందు ఇంటర్నెట్ ఎంత? గుత్తులు గుత్తులుగా వేలాడే ఆ తీగలను ఏనాడో సరిచేసి ఉండాల్సింది. కాని ఆ వారాల్లో మా చుట్టుపక్కల కొన్ని ఇళ్ళవారిని, లైను మళ్ళీ వేయడానికి కొత్త కేబుల్ డబ్బు అడిగారు. స్తంభం మీద తీగ వేసుకోవడానికి అనుమతి తీసుకోవలసింది కంపెనీయో, స్థానిక ఆపరేటరో. అనుమతి లేని తీగ పోతే ఆ నష్టం నెలనెలా డబ్బు కట్టే ఇంటివారి మీదికి ఎలా వస్తుంది?

స్థానిక ఆపరేటర్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఇళ్ళకు పెద్ద కంపెనీ పేరు బిల్లు మీదే ఉంటుంది, తీగ మాత్రం ఒకప్పుడు కేబుల్ టీవీ ఇచ్చిన ఆపరేటరుదో, కంపెనీతో ఒప్పందం ఉన్న భాగస్వామిదో అయి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఫైబర్‌నెట్ కూడా విద్యుత్ స్తంభాల మీదుగా ఊరూరికీ వెళ్ళి, చివరి అంచెలో కేబుల్ ఆపరేటరు చేతుల్లోంచే ఇంటికి చేరుతుంది. ఇంటివారు కాల్ సెంటరుకు ఫోను చేస్తే "లోకల్ పార్ట్‌నర్‌ను అడగండి" అంటారు, ఆపరేటరును అడిగితే "పైనుంచే సిగ్నల్ లేదు" అంటాడు. ఇంటింటికీ తిరిగే కుర్రవాడిది చాలాచోట్ల కంపెనీ ఉద్యోగం కాదు, చేసిన పనికి ఇంత అని ఇచ్చే ఒప్పందపు పని. ఎండలో స్తంభమెక్కే ఆ కుర్రవాడి మీద నాకు కోపం లేదు. అతడి సొంత నంబరుకు యూపీఐలో పంపిన డబ్బుకు రసీదు ఉండదు, జీఎస్టీ ఉండదు, ఆ మొత్తం కంపెనీ నిర్ణయించిందా, అతడే అడిగాడా అన్నది ఎప్పటికీ తేలదు. ఆ మసకను ఉండనిచ్చింది పైవాళ్ళే.

ఇక నేను కోరేదేమిటంటే, ముందుగా కంపెనీ బాధ్యత ఎక్కడ ముగుస్తుందో ఆ హద్దు రాసి ఇప్పించండి. ఫైబరు ఇంట్లోకి వచ్చి ఆగే చోట గోడకు ఒక చిన్న పెట్టె బిగించి, అక్కడివరకు ఉన్న కేబుల్, స్ప్లిటర్, కనెక్టర్లు, అతుకులు అన్నిటి మరమ్మతూ కంపెనీ ఖర్చేనని కనెక్షన్ ఇచ్చే రోజునే తెలుగులో రాసిన కాగితం మీద ఉండాలి. ఓఎన్‌టీని, అడాప్టరును కంపెనీ తన ఆస్తిగా చెప్పుకుంటే వాటి సహజమైన అరుగుదలా దానిదే. ఇంటివారు కింద పడేసినా నీళ్ళు పోసినా మాత్రం వారిదే. ల్యాన్ పోర్టుకు ఇవతల ఉన్నదంతా ఇంటివారిది. ఇందులో కంపెనీలు భయపడాల్సినదేదీ నాకు కనబడదు. అమెరికాలో ఉండే మనవాళ్ళను అడిగితే, పాత టెలిఫోన్ లైనుకు ఇంటి బయటి గోడకు ఒక బూడిదరంగు పెట్టె ఉంటుందని, అందులోని పరీక్ష సాకెట్‌లో ఫోను పెట్టి చూసి లోపం కంపెనీదో ఇంటిదో తామే తేల్చుకోవచ్చని చెబుతారు. అక్కడ దశాబ్దాల క్రితం రాగితీగకు చేసిన ఏర్పాటు ఇక్కడ ఈనాటి ఫైబరుకు చేయలేమా?

రెండోది ఇంకా ముఖ్యం. కనెక్షన్ ఇచ్చిన రోజున హద్దు దగ్గర కొలిచిన కాంతి బలాన్ని వినియోగదారుడికి ఎస్సెమ్మెస్‌గా పంపాలి. తరువాత ప్రతి మరమ్మతులోనూ అక్కడే కొలిచి, ఆ అంకెను ఫిర్యాదు నంబరుతో పాటు పంపాలి. హద్దు దగ్గర అంకె బాగుందని రాతపూర్వకంగా చూపిన తరువాతే "ఇంటివైపు లోపం" అనే హక్కు, విజిట్ ఛార్జీ అడిగే హక్కు కంపెనీకి ఉండాలి. కొలవకుండా రాసిన ఏ తీర్పూ చెల్లకూడదు. ఆ ఛార్జీ కూడా ముందుగా ప్రకటించినదై, కంపెనీ బిల్లులోనే రావాలి, ఎవరి సొంత ఖాతాకూ పోకూడదు. ఇంటివారి ఓటీపీ లేకుండా ఫిర్యాదును మూసేయడం కూడా కుదరకూడదు. మనిషే రాకుండా "మీ సమస్య పరిష్కరించాం" అన్న సందేశం రావడం ఎవరికీ కొత్త కాదు.

మూడోది, పరిహారం అడిగితే ఇచ్చేది కాకుండా దానంతటదే జమకావాలి. ప్రీపెయిడ్ ప్లాన్ అయితే గడువు అన్ని రోజులు పొడిగిస్తే చాలు, లెక్క కంప్యూటరే చూసుకుంటుంది. బ్రిటన్‌లో 2019 ఏప్రిల్ నుంచి అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఆధ్వర్యంలో ఇలాంటి పథకం నడుస్తోంది. లోపం రెండు పూర్తి పనిదినాల్లో సరికాకపోతే ఆపై రోజుకు 8 పౌండ్లు, చెప్పిన రోజున మనిషి రాకపోతే 25 పౌండ్లు వినియోగదారుడు అడగకుండానే ఇవ్వాలని మొదట్లో నిర్ణయించారు. ఆ పథకంలో చేరడం కంపెనీల ఇష్టమే అయినా పెద్ద కంపెనీలు చేరాయి. మొత్తాలు అంతే ఉండాలని నేను అనడం లేదు, అడగకుండానే అన్న మాట మాత్రం మనకూ కావాలి.

ఫిర్యాదుకు దారులు ఇప్పటికే ఉన్నాయి కదా అని మీరు అనవచ్చు. నిజమే. మీ 2012 నిబంధనల ప్రకారం ఫిర్యాదు కేంద్రం డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదు సంఖ్య ఇవ్వాలి, అక్కడ తేలకపోతే కంపెనీలోనే అప్పీళ్ళు వినే అప్పిలేట్ అథారిటీకి రుసుము లేకుండా వెళ్ళవచ్చు, అక్కడ 39 రోజుల్లో నిర్ణయం రావాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో టెలికాం సేవను పేరుపెట్టి చేర్చారు, టెలికాం ఫిర్యాదులను వినియోగదారుల ఫోరంలు విచారించవచ్చని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చిన్న మొత్తాల ఫిర్యాదులకు ఫీజు కూడా లేదు. కాని మూడు నాలుగు వందల విజిట్ ఛార్జీ కోసం, ఆన్‌లైన్ పాఠాలు ఆగిన పిల్లలనూ ఇంటి నుంచి చేసే ఉద్యోగాన్నీ పక్కనపెట్టి ఎవరు కమిషన్ మెట్లెక్కుతారు? ఎక్కినా చేతిలో ఆధారమేముంటుంది? టెక్నీషియన్ నోటితో చెప్పి వెళ్ళిన మాట తప్ప. అందుకే కొలత కాగితం మీదికి రావాలంటున్నాను. అది ఉంటే ఈ దారులన్నీ పనికొస్తాయి, అది లేకపోతే ఎన్ని దారులు వేసినా అప్పిలేట్ అథారిటీ సైతం మొదటి కాల్ సెంటరు రాసినదే చదివి వినిపిస్తుంది.

వ్యక్తిగత ఫిర్యాదులను మీరు చేపట్టరన్న సంగతి నాకు తెలుసు. ఇందులో ఏ కంపెనీ పేరూ రాయకపోవడానికి కారణం కూడా అదే. నేను కోరినవన్నీ నిబంధనల్లో చేర్చదగినవి. వీటి మీద సంప్రదింపుల పత్రం వెలువరిస్తే, మా నివాసుల సంఘం తరఫున మేము రాసిపెట్టుకున్న ఫిర్యాదుల వివరాలు పేర్లు తొలగించి పంపడానికి సిద్ధంగా ఉన్నాం. ఈ లేఖ ప్రతిని మీ హైదరాబాద్ కార్యాలయానికి తెలుగులోనే పంపుతున్నాను. జవాబు కూడా తెలుగులో ఇప్పిస్తే మా భవనం నోటీసు బోర్డులో పెడతాను.

ఇట్లు,
టెలిఫోన్ శాఖ విశ్రాంత ఉద్యోగి,
హైదరాబాద్